క్రిస్మస్ కథలో చిల్లర లెక్క



డిసెంబరు సగం దాటిందంటే మన తిరుపతి, చిత్తూరు సీమలో పాటల కాలం మొదలవుతుంది. ధనుర్మాసం కాబట్టి కొండమీద సుప్రభాతానికి బదులు తిరుప్పావై చదువుతారు. కింద ఊళ్ళలో గుడి మైకుల్లోనూ తెల్లవారకముందే అదే మోగుతుంది. ఆ రోజుల్లోనే, రాత్రి అన్నాలు తిని అందరూ పడుకునే వేళకు క్యారల్స్ పాడే పిల్లలు బయల్దేరతారు. ఒక డప్పు, ఒక గిటారు, రెండు టార్చిలైట్లు. ఇంటింటి ముందూ ఆగి పాట పాడి, ప్రార్థన చేసి, ఇచ్చిన టీ తాగి పక్క వీధికి పోతారు. మిద్దెల మీద వెదురు దబ్బలకు రంగుకాగితం అంటించిన నక్షత్రాలు వెలుగుతుంటాయి. వంటిళ్ళలో నిప్పట్లు, మురుకులు, అత్తిరాసలు. పండగనాడు అవి పళ్ళెంలో పెట్టుకుని ఇరుగుపొరుగుకు పంచుతారు. సంక్రాంతికి ఆ పళ్ళెం తిరిగి వస్తుంది. ఉత్త పళ్ళెం మాత్రం రాదు.

ఇంత పండగ మన కళ్ళముందే జరుగుతున్నా, ఒక మంచి క్రిస్మస్ కథ చెప్పమంటే మనకు గుర్తొచ్చేవి లండన్ కథలో న్యూయార్క్ కథలో అవుతాయి. అందులో తప్పేమీ లేదు. మంచి కథ ఏ ఊరిదైనా మనదే. ఆ కథల్లో పేరుపడ్డ మూడింటిని ఈ పూట తలుచుకుందాం. నూరేళ్ళు దాటినా అవి ఇంకా మనసును ఎందుకు పట్టుకుంటున్నాయో చూద్దాం. అక్కణ్ణుంచి మదనపల్లె పక్కనే ఉన్న ఒక ఆసుపత్రి దాకా పోయి వద్దాం.

మొదటిది చార్లెస్ డికెన్స్ రాసిన 'ఎ క్రిస్మస్ కేరల్'. 1843 డిసెంబరు 19న అచ్చయింది. ఆ ఏడాది ఇంగ్లండులో గనుల్లోనూ కార్ఖానాల్లోనూ పనిచేసే పిల్లల బతుకుల మీద ప్రభుత్వ నివేదిక ఒకటి వచ్చింది. అది చదివి డికెన్స్ కుదుటపడలేకపోయాడు. ఎందుకంటే ఆయనదీ అదే బాల్యం. తండ్రి అప్పులు తీర్చలేక జైలుకు పోతే, పన్నెండేళ్ళ చార్లెస్ బూటుపాలిష్ డబ్బాలకు చీటీలు అంటించే పనిలో చేరాడు. అందుకని ఆ నివేదిక మీద ఘాటుగా ఒక కరపత్రం రాయాలనుకున్నాడు. తర్వాత ఆలోచించి, కరపత్రం కంటే కథ గట్టిగా తగులుతుందని అటు మళ్ళాడు. ఆరు వారాల్లో పుస్తకం ముగిసింది. మొదట వేసిన ఆరువేల ప్రతులూ క్రిస్మస్ వచ్చేలోపే అమ్ముడుపోయాయి.

ఆ కథలో స్క్రూజ్ అనే వడ్డీల ఆసామి ఉంటాడు. అలాంటి మనిషి మన రాయలసీమకు కొత్తేమీ కాదు. ప్రామిసరీ నోటు మీద వేలిముద్ర వేయించుకుని, వాన లేని ఏడు కూడా వడ్డీలో పైసా తగ్గించని వాళ్ళను మన పల్లెలు బాగానే చూశాయి. స్క్రూజ్ దగ్గర పనిచేసే గుమాస్తా పేరు బాబ్ క్రాచిట్. జీతం వారానికి పదిహేను షిల్లింగులు. ఇంటినిండా పిల్లలు, అందులో చిన్నవాడు కర్ర పట్టుకుని కుంటుతూ నడిచే టిమ్. ఆ పదిహేను షిల్లింగుల ఇంట్లో పండగపూట నవ్వులు వినిపిస్తుంటే, డబ్బుమూటల మధ్య కూర్చున్న స్క్రూజ్ ఒంటరిగా గంజి తాగుతుంటాడు. దయ్యాలు వచ్చి అతని మనసు మార్చడం కథలోని తమాషా. చదివినవాళ్ళకు గుర్తుండిపోయేది మాత్రం ఆ పేద ఇంటి భోజనం బల్ల.

రెండోది ఓ. హెన్రీ కథ 'ది గిఫ్ట్ ఆఫ్ ది మేజై'. 1905 డిసెంబరులో న్యూయార్కు పత్రిక ఒకదానిలో వచ్చింది. అది మొదలయ్యేదే డబ్బు లెక్కతో. ఒక డాలరు ఎనభై ఏడు సెంట్లు. మొగుడికి పండగ కానుక కొనడానికి డెల్లా దగ్గర ఉన్నది అంతే. అదీ కూరగాయలవాడితో, మాంసం కొట్టువాడితో బేరమాడి, సిగ్గుపడుతూ మిగిల్చిన చిల్లర. ఆమె తన పొడుగాటి జుట్టును ఇరవై డాలర్లకు అమ్మేస్తుంది. మొగుడు జిమ్ జేబుగడియారానికి ఇరవై ఒక్క డాలర్లు పెట్టి గొలుసు కొంటుంది. చేతిలో మళ్ళీ ఎనభై ఏడు సెంట్లు మిగులుతాయి. జిమ్ ఇంటికి వస్తాడు. అతను ఆ గడియారాన్ని అమ్మి, ఆమె జుట్టుకోసం దువ్వెనలు తెచ్చి ఉంటాడు.

ఈ కథ మన ప్రాంతం వాళ్ళకు అర్థమైనట్టు వేరేవాళ్ళకు అర్థం కాదేమో. తలనీలాలిచ్చే కొండకింద బతికేవాళ్ళం మనం. ఒక ఆడమనిషి నడుము దాటిన జడను వదులుకోవడం అంటే ఏమిటో మనకొకరు చెప్పనక్కర్లేదు. కొండమీద మొక్కుకోసం ఇస్తారు, డెల్లా మొగుడికోసం ఇచ్చింది. ఇచ్చి పొట్టి జుట్టుతో ఇంటికి వచ్చి, అద్దంలో చూసుకుని, నన్ను చూస్తే ఏమంటాడో అని భయపడే ఆ ఘడియ ఉంది చూశారా, ఆ కథ ప్రాణమంతా అక్కడ ఉంది.

మూడోది డెన్మార్కు రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1845లో రాసిన అగ్గిపుల్లల పిల్ల కథ. ఒక పంచాంగం పుస్తకం ప్రచురించే ఆయన ఆండర్సన్‌కు కొన్ని బొమ్మలు పంపి, వాటిలో ఒకదానికి కథ రాసిమ్మన్నాడు. అగ్గిపుల్లలు అమ్మే పిల్ల బొమ్మను ఆండర్సన్ ఎంచుకున్నాడు. ఆయన తల్లి బట్టలుతికి బతికిన మనిషి. చిన్నప్పుడు ఇంట్లోవాళ్ళు ఆమెను అడుక్కురమ్మని పంపేవాళ్ళట. అందుకే ఆ బొమ్మ ఆయనను కదిలించి ఉంటుంది. కథలో అది సంవత్సరపు ఆఖరి రాత్రి. పొద్దుటి నుంచి ఒక్క అగ్గిపుల్ల కూడా అమ్ముడుపోలేదు. చేతిలో పైసా లేదు. కొట్టే నాన్న ఉన్న ఇంటికి పోలేక, ఆ పిల్ల చలికి ఒక్కొక్క పుల్లా గీస్తుంది. ఒక్కో వెలుగులో వేడి పొయ్యి, వండిన బాతు, క్రిస్మస్ చెట్టు, చివరికి చనిపోయిన అవ్వ కనిపిస్తారు. తెల్లవారేసరికి ఆ పిల్ల ఉండదు.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. వారానికి పదిహేను షిల్లింగులు, ఒక డాలరు ఎనభై ఏడు సెంట్లు, అమ్ముడుపోని అగ్గిపుల్లలు. మనసు కరిగించే క్రిస్మస్ కథలన్నిటి మూలంలోనూ ఈ చిల్లర లెక్క ఒకటి ఉంటుంది. పండగ కథ రాయబోయి చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఎక్కణ్ణుంచో ఒక ధనవంతుడు పెద్దకారులో దిగుతాడు, పేదపిల్లలకు బొమ్మలు, బట్టలు పంచిపెడతాడు, అందరూ చప్పట్లు కొడతారు, కథ అయిపోతుంది. చదివేవాడికి కన్ను చెమర్చదు. ఎందుకంటే ఇచ్చినవాడికి ఏమీ తరగలేదు. తనకే చాలనివాడు అందులోంచి తీసి ఇచ్చినప్పుడే కథ పుడుతుంది. బైబిల్లో పెద్ద పెద్ద మొత్తాలు వేసిన ధనవంతులను వదిలేసి, రెండు చిన్న కాసులు వేసిన విధవరాలిని ఏసు మెచ్చుకున్న సంగతి చర్చికి పోయే పిల్లలందరికీ తెలుసు. ఆ రెండు కాసులే ఈ కథలన్నిటిలోనూ తిరుగుతున్నాయని నాకనిపిస్తుంది.

ఇప్పుడు మీకొక నిజం కథ చెబుతాను. ఇదీ డెన్మార్కులోనే మొదలైంది. అగ్గిపుల్లల పిల్ల కథ అచ్చయిన అరవై ఏళ్ళకు కొంచెం ముందుగా జరిగింది.

ఐనార్ హోల్‌బోల్ అనే ఆయన కోపెన్‌హేగన్‌లో పోస్టాఫీసు ఉద్యోగి. 1903 డిసెంబరు. క్రిస్మస్ శుభాకాంక్షల ఉత్తరాలు కుప్పలు తెప్పలుగా వచ్చి పడుతున్నాయి. ఒక్కొక్కటీ తీసి ఊళ్ళవారీగా సర్దుతుంటే ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. ఇన్ని లక్షల ఉత్తరాల మీద మామూలు స్టాంపుతోపాటు పండగ స్టాంపు ఇంకొకటి, ఇష్టమైనవాళ్ళు కొని అంటిస్తే? ఆ స్టాంపుకు పైసో రెండు పైసలో అయితే ఎవరికీ బరువు కాదు. ఆ డబ్బంతా కూడితే క్షయ పట్టిన పిల్లలకు ఒక ఆసుపత్రి కట్టవచ్చు. అప్పట్లో క్షయ అంటే యూరపులోనూ చావు కబురే. పేదల ఇళ్ళలో పిల్లలు రాలిపోయేవాళ్ళు.

పైవాళ్ళు ఒప్పుకున్నారు, రాజుగారూ ఒప్పుకున్నారు. 1904 క్రిస్మస్‌కు ప్రపంచంలోనే మొట్టమొదటి క్రిస్మస్ స్టాంపు వచ్చింది. దాని మీద అంతకు కొన్నేళ్ళ ముందు చనిపోయిన లూయిస్ రాణి బొమ్మ వేశారు. ఖరీదు రెండు ఓరెలు. ఓరె అంటే వాళ్ళ డబ్బులో నూరో వంతు, మన పైసాలాంటిది. ఆ మొదటి ఏడే నలభై లక్షలకు పైగా స్టాంపులు అమ్ముడుపోయాయి. ఆ దేశం జనాభానే అప్పటికి పాతిక లక్షల చిల్లర. ఆ డబ్బుతో కోల్డింగ్ అనే ఊళ్ళో సముద్రపు పాయ ఒడ్డున పిల్లల శానటోరియం కట్టారు. 1911లో అది తెరుచుకుంది.

ఈ సంగతిని డెన్మార్కులో పుట్టి అమెరికాలో స్థిరపడిన జేకబ్ రీస్ అనే పత్రికా రచయిత 1907లో ఒక వ్యాసంగా రాశాడు. ఆయన సోదరులు ఆరుగురు క్షయతో పోయారు. ఆ వ్యాసం డెలావేర్ రాష్ట్రంలో ఎమిలీ బిస్సెల్ అనే ఆవిడ చూసింది. వాళ్ళ దగ్గర ఒక చిన్న క్షయ ఆసుపత్రి మూడు వందల డాలర్లు లేక మూతపడబోతున్నది. ఆవిడే బొమ్మ గీసి, అచ్చు వేయించి, ఆ డిసెంబరులో ఒక్కొక్కటి ఒక సెంటు చొప్పున అమ్మించింది. మూడు వందలు కావలసినచోట మూడు వేలు వచ్చాయి. ఆసుపత్రి నిలిచింది. అక్కణ్ణుంచి ఆ పద్ధతి దేశదేశాలకూ పాకింది.

మన దేశానికీ వచ్చింది. 1939లో ఏర్పడిన భారత క్షయ నివారణ సంఘం 1950 నుంచి ఏటా ఇలాంటి స్టాంపులనే టి.బి. సీళ్ళు అనే పేరుతో అమ్మడం మొదలుపెట్టింది. ఇక్కడ క్రిస్మస్‌కు బదులు గాంధీ జయంతినాడు, అక్టోబరు 2న ఆ అమ్మకం మొదలయ్యేది. ఇప్పుడు నడివయసు దాటిన శ్రోతల్లో చాలామంది బడిలో అయ్యవారు పంచిన ఆ సీళ్ళ కాగితాలను, ఇంట్లో అడిగి తెచ్చిన చిల్లరను మరిచిపోయి ఉండరు. ఎక్కడో కోపెన్‌హేగన్‌లో ఒక పోస్టు గుమాస్తాకు పండగ ఉత్తరాలు సర్దుతుంటే వచ్చిన ఆలోచన మన బడి పిల్లల నోటుపుస్తకాల అట్టల మీదికి ఎక్కింది.

ఇక మన ఊరి సంగతికి వద్దాం. ఆ డెన్మార్కు నుంచే ఒక డాక్టరు మదనపల్లెకు వచ్చాడు. పేరు క్రిస్టియన్ ఫ్రిమొట్ మోలర్. దక్షిణాదిలో పనిచేస్తున్న క్రైస్తవ మిషన్లు ఎవరి ఆసుపత్రులు వాళ్ళు నడుపుకుంటున్న కాలం అది. క్షయకు మాత్రం ఎవరి దగ్గరా సరైన చోటు లేదు. అందుకని కొన్ని మిషన్లు కలిసి ఒకే ఆసుపత్రి పెట్టుకున్నాయి. అదే మోలర్ పనిచేసిన యూనియన్ మిషన్ క్షయ శానటోరియం. 1912లో పని మొదలై, 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో తలుపులు తెరిచింది. మదనపల్లె సముద్రమట్టానికి రెండువేల అడుగులకు పైన ఉంటుంది. ఎండ ఉన్నా ఉక్క ఉండదు, గాలి పొడిగా ఉంటుంది. మందు లేని కాలంలో క్షయకు గాలి, వెలుతురు, మంచి తిండి, మంచం దిగని విశ్రాంతి, ఇవే వైద్యం. అందుకు తగిన చోటు మన పాత చిత్తూరు జిల్లాలో దొరికింది.

ఆ రోజుల్లో క్షయ వచ్చిన మనిషిని ఇల్లు ఎలా చూసేదో పెద్దవాళ్ళనడిగితే చెబుతారు. కంచం వేరు, చెంబు వేరు, పడక పశువుల కొట్టం పక్కన. ఆడపిల్లకు వస్తే పెళ్ళి మాట ఎత్తేవాళ్ళు కాదు, కోడలికి వస్తే పుట్టింటికి పంపేసేవాళ్ళు. అలా ఇల్లు వదిలి పెట్టిన మనుషులు దక్షిణాది నలుమూలల నుంచి ఆరోగ్యవరం వచ్చారు. నెలలు, ఒక్కోసారి ఏళ్ళు అక్కడే ఉన్నారు. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం మాట్లాడేవాళ్ళు ఒకే వరండాలో పక్కపక్క మంచాల మీద దగ్గారు. కులం అడిగే తీరిక ఊపిరి ఆడనివాడికి ఉండదు. ఆ వార్డుల్లో గడిచిన క్రిస్మస్‌లు ఎన్నో. ఇంటినుంచి ఉత్తరం రాని రోగి పక్క మంచం మనిషికి తన పాలు సగం పోసి ఉంటే, అది డెల్లా జుట్టుకు ఏమాత్రం తీసిపోని కథ. మన కథకులు రాయవలసినవి అవి.

మోలర్ తర్వాత ఆయన కొడుకు యోహానెస్ ఫ్రిమొట్ మోలర్ కూడా అక్కడే డాక్టరుగా ఉన్నాడు. 1948లో మన దేశంలో బి.సి.జి. టీకా మొదలుపెట్టినప్పుడు మొదటి చోట్లలో మదనపల్లె ఒకటి. ఇవాళ పుట్టిన ప్రతి బిడ్డకూ భుజం మీద వేసే ఆ టీకాకు మన జిల్లాతో అంత పాత చుట్టరికం ఉంది. తర్వాత 1950 నుంచి మదనపల్లెలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఇల్లిల్లూ తిరిగి, ఎక్స్‌రేలు తీసి, క్షయ ఎంతమందిలో ఉంది, ఎలా పాకుతోంది అని లెక్క కట్టారు. ఆ అధ్యయనం 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అచ్చయింది. వేరుశనగ చేలో పనిచేసుకునే మన రైతులు, కూలీలు జబ్బ చాచి పరీక్షలకు నిలబడితేనే ప్రపంచానికి ఆ లెక్కలు తెలిశాయి. వాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ ఉండవు. ఇచ్చినవాళ్ళ లెక్కలో వాళ్ళనూ వేసుకోవాలి.

ఇంతలో మందులు వచ్చాయి. 1956లో మద్రాసులో మొదలుపెట్టిన పరిశోధన మూడేళ్ళలో ఒక సంగతి తేల్చింది. శానటోరియంలో మంచి తిండి, మంచి పడక ఉన్న రోగికి మందులు ఎంత పనిచేశాయో, మురికివాడలో తన ఇంట్లోనే ఉండి మింగిన రోగికీ దాదాపు అంతే పనిచేశాయి. దాంతో ఇల్లు వదిలి పోవలసిన అవసరం పోయింది. ఆరోగ్యవరం ఇవాళ అన్ని జబ్బులూ చూసే ఆసుపత్రి అయింది.

కథల దగ్గరికి మళ్ళీ వస్తాను. పాత చిత్తూరు జిల్లాలో కథకులకు కొదవ లేదు. దామలచెరువులో బడిపంతులుగా ఉంటూ మూడు వందలకు పైగా కథలు రాసిన మధురాంతకం రాజారాం గారు చిన్న మనుషుల పెద్ద మనసులనే జీవితమంతా రాశారు. 1993లో ఆయన కథలకు సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. అలాంటి నేల మీద క్రిస్మస్ కథకు సరుకు ఎక్కడుందని వెతుక్కోనక్కర్లేదు. మంచు లేకపోతేనేం? మదనపల్లె మార్కెట్లో టమోటా పెట్టె ధర పడిపోయి, బండి బాడుగ కూడా రాని డిసెంబరు నెల మనకుంది. ఆ రోజు కాయలు రోడ్డుపక్కన పారబోసి, ఉత్త చేతులతో ఇంటికి వచ్చే తండ్రి ఉన్నాడు. కొత్త గౌను కోసం గడపలో ఎదురుచూసే కూతురు ఉంది. పండగకు ముందురోజు రాత్రి తన బిడ్డకు కుట్టాల్సిన చొక్కా వదిలి, ఊరివాళ్ళ బట్టలు కుట్టే దర్జీ ఉన్నాడు. ఇరవై నాలుగో తేదీ రాత్రి ఆరాధనకు పోవాలనుకుని, అలిపిరి దగ్గర పిల్లలతో నిలబడిన యాత్రికుల కుటుంబాన్ని చూసి వెనక్కి తిరిగిన ఆటో డ్రైవరు ఉండడా? వీటిలో ఏది రాసినా చిల్లర లెక్క సరిగ్గా వేయండి. ఎంత ఉంది, ఎంత ఇచ్చాడు, ఎంత మిగిలింది. ఆ మూడు చెబితే చాలు, కన్నీళ్ళు తెప్పించే మాటలు వేరే రాయనక్కర్లేదు.

చివరగా ఒక మాట. ఆ పోస్టు గుమాస్తా మొదలుపెట్టిన పని ఇంకా పూర్తి కాలేదు. ప్రపంచంలో ఉన్న క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. జబ్బు ఇప్పుడు నయమవుతుంది. మామూలు క్షయకు ఆరు నెలలు మానకుండా మందులు వాడితే చాలు. మందులు, పరీక్షలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. మందులు వాడినన్నాళ్ళూ తిండి ఖర్చుకు కేంద్ర ప్రభుత్వం నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు చేసింది. 2022లో నిక్షయ్ మిత్ర అనే పథకం కూడా వచ్చింది. దానికింద మనలో ఎవరైనా ఒక రోగిని ఎంచుకుని, మందులు వాడినన్నాళ్ళూ నెలనెలా పప్పులు, నూనె, గింజలు ఉన్న తిండి సంచి ఇవ్వవచ్చు. చర్చి సంఘాలు, భజన బృందాలు, యువజన సంఘాలు కలిసి కూడా చేయవచ్చు. మీ దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడిగితే వివరాలు చెబుతారు.

రెండు వారాలు దాటి దగ్గు తగ్గనివాళ్ళు, సాయంకాలాలు జ్వరం వస్తున్నవాళ్ళు, బరువు తగ్గిపోతున్నవాళ్ళు మీ ఇంట్లో, మీ వీధిలో ఉంటే ఈ వారమే గళ్ళ పరీక్షకు తీసుకుపోండి. వాళ్ళ కంచం వేరు చేయకండి. పండగ రోజున నిప్పట్ల పళ్ళెం మొదట ఆ ఇంటికే పంపండి.